అప్‌డేట్: సొంతంగా కంపైల్ చేసిన లినక్స్ కెర్నల్ బూట్ అయింది, లోపం బూట్ విభాగంలో చోటు చాలకపోవడమే

డెబియన్ 12 అనే లినక్స్ పంపిణీలో 6.6 కెర్నల్‌ను (వ్యవస్థ మూల భాగాన్ని) సోర్సు కోడ్ నుంచి కంపైల్ చేసుకుంటే, బూట్ అయ్యేటప్పుడు 'అన్‌నోన్-బ్లాక్(0,0)' అంటూ కెర్నల్ ప్యానిక్‌తో (కోలుకోలేని లోపంతో) ఆగిపోతోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సమస్య తీరింది.

బూట్ డైరెక్టరీలో కొత్త కెర్నల్‌కు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు (బూట్ తొలి దశలో కావలసిన డ్రైవర్లు ఉండేది) అసలు ఉందా అని ఒకరు అడిగిన ప్రశ్నే దారి చూపింది. అది లేదు. నా బూట్ విభాగం 512 ఎంబీ మాత్రమే. డీబగ్ సమాచారంతో (లోపాలు వెతకడానికి చేర్చేది) ఉబ్బిన మాడ్యూళ్ల (కెర్నల్ విడిగా లోడ్ చేసుకునే భాగాల) వల్ల ఆ ఫైలు పట్టక, కెర్నల్‌ను ఎక్కించే 'మేక్ ఇన్‌స్టాల్' ఆదేశం చివర్లో చోటు లేదన్న ఒక్క వరుస వచ్చిందట. నేను దాన్ని చూడకుండానే, కెర్నల్‌ను లోడ్ చేసే గ్రబ్ ప్రోగ్రామ్ మెనూను తయారుచేసే అప్‌డేట్-గ్రబ్ నడపడంతో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రస్తావన లేని మెనూ తయారైంది. డెబియన్ కాన్ఫిగ్‌లో (కెర్నల్ అమరికల ఫైలులో) ఎన్‌వీఎంఈ (డిస్క్), ఈఎక్స్‌టీ4 (ఫైల్ సిస్టమ్) డ్రైవర్లు రెండూ మాడ్యూళ్లే కాబట్టి, ఆ ఫైలు లేని కెర్నల్‌కు రూట్ విభాగాన్ని చదివే మార్గమే లేదు.

పాత కెర్నల్‌తో బూట్ చేసి, మాడ్యూళ్ల డైరెక్టరీని తొలగించి, డీబగ్ సమాచారాన్ని తీసేసే 'ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1' చేర్చి 'మాడ్యూల్స్_ఇన్‌స్టాల్', ఆపై 'ఇన్‌స్టాల్' మళ్లీ నడిపాను. 400 ఎంబీ దాటిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు 60 ఎంబీకి దిగింది; మొదటి ప్రయత్నంలోనే లాగిన్ వచ్చింది.

సమాధానాల్లో సూచించిన సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కెర్నల్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆపడం, గ్రబ్‌ను తిరిగి ఎక్కించడం నా విషయంలో అనవసరమయ్యాయి. ప్యానిక్ కనిపించిందంటేనే గ్రబ్ తన పని ముగించి కెర్నల్‌ను లోడ్ చేసిందని అర్థం, ఇది నాకు ముందే తట్టాల్సింది. ఎన్‌వీఎంఈ, ఈఎక్స్‌టీ4 డ్రైవర్లను కెర్నల్‌లోనే కలిపేయమన్న సలహా సరైనదే, కానీ నేను ప్రయత్నించలేదు.