జూ బయాలజీ చదవడానికి వచ్చిన పాలమూరు తమ్ముడికి

జడ్చర్ల నుంచి కొత్తగా వచ్చినవాడు:
అక్కలకు, అన్నలకు నమస్తే. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీలో జూ బయాలజీ బీఎస్సీకి ఈ మధ్యే వచ్చాను. ఇంట్లో నేను పశువుల డాక్టర్ అవుతాననుకుంటున్నారు. రూమ్‌లో మనవాళ్లేమో "ఆ చదువుకి వీసా ఎవడిస్తాడు" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. దీంతో ఏ ఉద్యోగాలు వస్తాయి?

దేవరకొండ అక్క:
తమ్మీ, ముందు ఆ డాక్టర్ సంగతి ఇంట్లో తేల్చెయ్. లేకపోతే రేపు నువ్వు ఊరికి పోయేసరికి వాకిట్లో ఎవరిదో బర్రె కట్టేసి ఉంటుంది. నీది వైద్యం కాదు. జంతువు ఏం తినాలి, ఎలాంటి చోట ఉండాలి, దేనితో జత కట్టాలి, హాయిగా ఉందా లేదా అన్నవి తెలుసుకునే చదువు.

వీసా విషయంలో నీ రూమ్మేట్లు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. 2025 జూలై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలు జీతం హద్దు 41,700 పౌండ్లు, ఉద్యోగం కూడా డిగ్రీ స్థాయిది కావాలి. జూ కీపర్ జీతం దాని దరిదాపుల్లో కూడా ఉండదు. చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకి 18 నెలలే. కాబట్టి కీపర్‌గానే ఇక్కడ స్థిరపడతానని లెక్కలు వేసుకోకు.

అలాగని పేడ ఎత్తే పనిని చిన్నచూపు చూడకు. చేతులకి మట్టి అంటనివాణ్ని జూలో ఎవరూ నమ్మరు. క్యాంపస్‌లోనే యానిమల్ యూనిట్ ఉంది, మొదటి ఏడాది నుంచే అక్కడ తిరుగు. బయట జూలో సాయం చేసే ముందు మాత్రం ఒకటి చూసుకో. జీతం లేకపోయినా డ్యూటీ టైములు, ఒప్పందం ఉంటే అది స్టూడెంట్ వీసా మీద చదువు రోజుల్లో పని చేయనిచ్చే వారానికి 20 గంటల లెక్కలోకే రావచ్చు. యూనివర్సిటీ వీసా సలహాదారుని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకో.

అసలు పట్టు సాధించాల్సింది గమనించడంలో, రికార్డుల్లో. మాస్టర్స్‌లో నేను లెమర్ల (కోతుల జాతికి దగ్గరి మడగాస్కర్ జంతువులు) ముందు అట్టకి కాగితం బిగించుకుని కూర్చునేదాన్ని. నిమిషానికోసారి టైమర్ మోగుతుంది. ఆ క్షణాన ఏ లెమర్ ఏం చేస్తోందో కోడ్ రాయాలి: తింటోందా, పడుకుందా, పక్కదాని బొచ్చు సవరిస్తోందా, కంచె వెంట ఊరికే అటూ ఇటూ తిరుగుతోందా. రెండు మోతల మధ్య ఎంత వింత జరిగినా ఆ గడిలో రాయకూడదు. వానకి పెన్ను మొరాయిస్తుంది, పెన్సిల్ పట్టుకెళ్లు.

తర్వాత ఆ అంకెల్ని ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించడం నేర్చుకో. వెయ్యికి పైగా జూలు, అక్వేరియంలు జిమ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో జంతువుల వివరాలు పెడతాయి. యూరప్ జూల సంఘం ఈజా నడిపే ఈఈపీ అనే జంతు సంతతి కార్యక్రమాల్లో, మనింట్లో సంబంధం కలిపే ముందు ఇంటిపేరు, గోత్రం అడిగినట్టే, వంశావళి చూసి ఏ జంతువుని ఏ జూకి పంపాలో తేలుస్తారు. పోషణ, సంక్షేమం, పరిశోధన, సందర్శకులకు పాఠాలు చెప్పే విద్యా విభాగం, ఇవన్నీ ఈ చదువుకి దారులే. వీటికి మాస్టర్స్ ఉంటే మంచిది, పరిశోధనకైతే పీహెచ్‌డీ. ఖాళీలకి బ్రిటన్, ఐర్లాండ్ జూల సంఘం బియాజా వెబ్‌సైట్ చూస్తుండు.

హాలియా అన్న:
అక్క చెప్పినదానికి ఇంటివైపు సంగతి కలుపుతాను. మన దేశంలో జూలన్నీ 1992లో వచ్చిన సెంట్రల్ జూ అథారిటీ కిందకి వస్తాయి. పెద్ద జూల్లో పూర్తికాలం బయాలజిస్ట్, ఎడ్యుకేషన్ ఆఫీసర్ ఉండాలని దాని నిబంధన. పోస్టులు తక్కువ, పైగా సర్కారు నియామకాల నడక నీకు తెలిసిందే. విదేశీ డిగ్రీకి ఇక్కడి డిగ్రీతో సమానమనే పత్రం కూడా అడుగుతారు.

కానీ పని లేదనకు. హైదరాబాద్ నెహ్రూ జూ, అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి 2010లో మూషిక జింకల పెంపకం మొదలుపెట్టాయి. కుందేలంత ఉండే ఆ జంతువుల్ని తర్వాత మన అమ్రాబాద్ అడవిలోనే వదిలారు. జూలో పుట్టినదాన్ని అడవికి అలవాటు చేయడం, వదిలాక బతికిందా లేదా చూడడం అచ్చంగా నీ చదువే. అంతరించిపోతున్న జంతువుల మీద పని చేసే సీసీఎంబీ వాళ్ల ల్యాబ్ లాకోన్స్ కూడా హైదరాబాద్‌లోనే, అత్తాపూర్‌లో ఉంది. వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఇలాంటిచోట ప్రాజెక్టు చేయాలనుకుంటే మీ ప్రొఫెసర్ లెటర్‌తో చలికాలంలోనే రాసి పెట్టు. వచ్చాక అడిగితే పర్మిషన్ల మీద సంతకాలకే సెలవులు అయిపోతాయి.