బ్యాటరీ సగానికి పడితే బర్స్ట్ స్పీడ్ (బటను నొక్కి పడితే కెమెరా వరసగా ఫోటోలు కొట్టే వేగం) నిజంగా తగ్గుద్దా, లేక మన భ్రమా?

కూతగాడు:
అందరికీ నమస్తే. మొన్నాదివారం మా జిల్లా ఇండోర్ స్టేడియంలో కబడ్డీ సెమీస్ తీశాను. నాది కానన్ ఆర్6 కెమెరా, 70-200 ఎఫ్ 2.8 లెన్సు, మెకానికల్ షట్టర్ (తెర నిజంగా కదిలేది), హెచ్ ప్లస్ అనే అన్నిటికన్నా వేగమైన మోడ్‌లో పెట్టి సెకనుకి 12 ఫ్రేములు అన్న మాట నమ్ముకుని పోయినోణ్ణి. ఫస్ట్ హాఫ్ అంతా కుట్టుమిషన్ తొక్కినట్టు టకటకటక వచ్చింది, సెకండ్ హాఫ్ కొచ్చేసరికి అదే బటను అవే సెట్టింగులు, చప్పుడు మాత్రం టక్కు టక్కు మని విడివిడిగా వినపడుతోంది. ఆఖరి రైడ్‌లో రైడర్ బోనస్ లైన్ మీద కాలు పెట్టి తిరిగేలోపు కార్నర్లో ఉన్న కుర్రాడు మడమ పట్టేశాడు. నా దగ్గర ఒక ఫ్రేములో ఆ కుర్రాడి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, పక్క ఫ్రేములో రైడర్ బోర్లా పడున్నాడు. మధ్యలోది లేదు! నాకు కావాల్సిందే అది. అప్పుడు చూసుకుంటే బ్యాటరీ 41 శాతం. మా ఊళ్ళో ఇద్దరు సీనియర్లని అడిగితే ఒకాయన 60 దగ్గర బ్యాటరీ మార్చెయ్యాలన్నాడు, ఇంకొకాయన అదంతా బ్యాటరీలు అమ్ముకునేవాళ్ళ కబుర్లు అన్నాడు. ఎవర్ని నమ్మాలి?

రీలు కాలం:
రెండో ఆయన్ని నమ్మండి. నేను ఇరవయ్యేళ్ళుగా క్రికెట్ తీస్తున్నా, బ్యాటరీ అంటే ఉందా లేదా అంతే. 41 శాతం అంటే ఇంకా సగం ఉన్నట్టే కదా, సగం ట్యాంకు పెట్రోలుంటే బండి సగం స్పీడు పోతుందా ఏంటి. మీది బఫర్, అంటే కార్డులోకి ఎక్కేలోపు ఫోటోలు ఆగే మెమరీ, నిండిపోయుంటది, కార్డు ఏం వాడుతున్నారో ముందు చెప్పండి.

కూతగాడు:
కార్డు యూహెచ్ఎస్ టూ అండి, వేగంగా రాసే రకమే. పైగా రైడ్‌కి ఒకటిన్నర సెకను, మహా అయితే రెండు సెకన్లు నొక్కుతాను, 20 మెగాపిక్సెల్ బాడీకి దానికే బఫర్ నిండదు. బఫర్ నిండితే ముందు గబగబా కొట్టి తర్వాత ఆగి ఆగి కొడుద్ది కదా, ఇది మొదటి క్లిక్కు నుంచే నెమ్మది.

బ్యాటరీ డాక్టర్:
రీలు కాలం గారూ, పెట్రోలు పోలిక ఇక్కడ నప్పదండి. నేను ఇన్వర్టర్లు బ్యాటరీలు రిపేర్ చేసేవాణ్ణి, కెమెరా నాకు సరదా. బండి పోలికే కావాలంటే సెల్ఫ్ స్టార్ట్ గుర్తు తెచ్చుకోండి. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు హారన్ మోగుద్ది, ఇండికేటర్ వెలుగుద్ది, సెల్ఫ్ నొక్కితే మాత్రం టిక్ టిక్ టిక్ అంటది. ఛార్జ్ లేక కాదు, ఒక్కసారిగా అంత కరెంటు లాగితే వోల్టేజ్ కిందికి జారిపోద్ది కాబట్టి.

కెమెరా బ్యాటరీ లోపల రెండు లిథియం సెల్లులు వరసలో ఉంటాయి, ఫుల్‌గా ఉంటే 8.4 వోల్టులు, పెట్టె మీద రాసే 7.2 సగటు లెక్క. వాడేకొద్దీ వోల్టేజ్ దిగుద్ది, అడుక్కెళ్ళేకొద్దీ, పాతబడేకొద్దీ సెల్ లోపలి రెసిస్టెన్స్ పెరుగుద్ది. మిర్రర్‌లెస్‌లో మెకానికల్ షట్టర్ అంటే ప్రతి ఫోటోకీ తెర మూయాలి, మళ్ళీ తెరవాలి, స్ప్రింగు బిగించాలి, అదీ సెకనుకి 12 సార్లు, అదే టైములో లెన్సు మోటారు ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ కొట్టుకుంటా ఉంటది, సెన్సార్ ఆన్‌లోనే, వ్యూఫైండర్ ఆన్‌లోనే. ఆ కుదుపులకి వోల్టేజ్ మరీ కిందికి పడితే కెమెరా మధ్యలో ఆగిపోవాలి. అలా ఆగిపోకుండా కంపెనీవాళ్ళే ముందు జాగ్రత్తగా స్పీడు తగ్గిస్తారు. ఇందులో భ్రమేం లేదు.

కరీంనగర్ క్లిక్కు:
అన్నా, గింత లొల్లెందుకు, మాన్యువల్ల రాసే ఉన్నది. హెచ్ ప్లస్ గుర్తు స్క్రీన్ మీద పచ్చగ ఉంటెనే 12. తెల్లగయితే తగ్గినట్టు, తెల్లగ మినుకు మినుకుమన్నదంటె ఇంకా తగ్గినట్టు. ఆర్6 కి ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ బ్యాటరీ సుమారు 60 శాతం పైన ఉంటెనే పచ్చ. పాత ఎల్‌పీ-ఈ6ఎన్ ఏస్తె ఫుల్ ఛార్జ్ ఉన్నా ఆ టాప్ స్పీడ్ రాదు. వైఫై కనెక్ట్ అయి ఉన్నా, మస్తు సల్లగ ఉన్నా, యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకును తప్పిచ్చే సెట్టింగు) ఆన్ ఉన్నా గంతే. నేను రెండేండ్లు గా పచ్చ గుర్తు ఎందుకుందో తెల్వకుండనే కొట్టిన, నీకు చెప్పెటందుకు నాకు సిగ్గేం లేదు.

రీలు కాలం:
సరే, మాన్యువల్‌లో ఉంటే ఒప్పుకుంటా. కానీ దానికి గ్రిప్ (కెమెరా కింద తగిలించే బ్యాటరీల పిడి) కొనుక్కుంటే సరిపోద్ది కదా. నా నికాన్ డీ850 ఉత్త బాడీతో 7 ఫ్రేములు, గ్రిప్ తగిలించి అందులో పెద్ద ఈఎన్-ఈఎల్18 రకం బ్యాటరీ వేస్తే 9. అంతకుముందు డీ700 అయితే 5 నుంచి 8 కి ఎగిరేది.

బ్యాటరీ డాక్టర్:
చూశారా, బ్యాటరీకీ స్పీడుకీ సంబంధం లేదన్నవారే సాక్ష్యం తెచ్చిచ్చారు :) ఆ పెద్ద బ్యాటరీలో రెండు సెల్లులు కాదు, మూడు. 10.8 వోల్టులు. స్పీడు పెరిగింది అందుకే. ఆర్6 గ్రిప్‌లో పట్టేవి అవే చిన్న ఎల్‌పీ-ఈ6 రకం బ్యాటరీలు రెండు, ఎక్కువసేపు వస్తది గానీ 12 కాస్తా 14 అవ్వదు. ఫ్యూజీ వాళ్ళు ఎక్స్-టీ2 కి గ్రిప్ పెడితే 8 నుంచి 11 ఇచ్చారు, అది వాళ్ళ డిజైను. ఒక కెమెరా సంగతి ఇంకో కెమెరాకి అంటగట్టలేం.

సోనీ పిచ్చోడు:
ఇవన్నీ మెకానికల్ షట్టర్ తలనొప్పులు బ్రో. 2017 లోనే సోనీ ఏ9 వచ్చి, తెర కదలకుండా సెన్సారే పని కానిచ్చే ఎలక్ట్రానిక్ షట్టర్ మీద 20 ఇచ్చింది, 2021 లో వచ్చిన నికాన్ జెడ్9 లో మెకానికల్ షట్టరే తీసిపారేశారు, ఏ9 త్రీ అయితే సెన్సార్ మొత్తాన్ని ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ తో 120. కదిలే ముక్కే లేనప్పుడు బ్యాటరీ దేన్ని లాగాలి? నీ ఆర్6 లో కూడా ఎలక్ట్రానిక్ లో 20 ఉంది కదా, అది పెట్టుకో, పచ్చ తెలుపు గోల వదిలిపోద్ది.

కూతగాడు:
పెట్టాను బ్రో, పోయిన నెల పెట్టాను. మా స్టేడియం లైట్ల కింద ఫోటోల మీద అడ్డంగా నల్ల గీతలు, చాపకి చారల్లాగా. ఆర్6 సెన్సార్ పైనుంచి కిందికి మెల్లగా చదువుకుంటా వస్తది, నువ్వు చెప్పిన బాడీల్లో ఉండే, గబగబా చదివేసే స్టాక్డ్ సెన్సార్ కాదుగా. గీతలు లేని చోట రైడర్ చెయ్యి వంకర. జెడ్9 నా బడ్జెట్లో ఉంటే ఈ ప్రశ్నే అడిగేవాణ్ణి కాదు.

సోనీ పిచ్చోడు:
ఫెయిర్. అయినా అంతా బ్యాటరీ మీదికే తోసెయ్యకు. నా ఏ7 ఫోర్ 10 ఫ్రేములు అంటది, రా ఫైలు (సెన్సార్ ఇచ్చే ముడి ఫోటో) లాస్‌లెస్ లో, అంటే నాణ్యత తగ్గకుండా కుదించేలా పెడితే 6 కి పడిపోద్ది, నేను దాన్ని నాలుగు నెలలు బ్యాటరీ ప్రాబ్లమ్ అనుకుని రెండు కొత్త బ్యాటరీలు కొన్నా. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

మంచులో మనవాడు:
నేను మిన్నెసోటాలో ఉంటాను, పిల్లల సాకర్ తీస్తాను. నవంబరు వచ్చిందంటే ఇంట్లో 90 చూపించిన బ్యాటరీ గ్రౌండ్‌కి వెళ్ళిన ముప్పావుగంటకి తెల్ల గుర్తుకి వచ్చేస్తుంది. చలికి సెల్లు లోపల అయాన్లు బద్ధకిస్తాయి, డాక్టర్ గారు చెప్పిన ఆ రెసిస్టెన్సే పెరుగుతుంది. బయటికి తీసి జాకెట్ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటే హాఫ్ టైమ్ తర్వాత అదే బ్యాటరీ మళ్ళీ పచ్చగా లేస్తుంది. ఛార్జ్ ఎక్కడికీ పోలేదు, పడుకుంది అంతే. మీకు ఆంధ్రాలో ఈ బాధ ఉండదనుకోండి, మీకు ఎండలో కారు డాష్‌బోర్డు మీద బ్యాటరీ వదిలేసి పాతబడగొట్టుకునే బాధ వేరే.

కరీంనగర్ క్లిక్కు:
ఎండ ముచ్చట నిజం. కూతగాడు తమ్మీ, మెనూల బ్యాటరీ ఇన్‌ఫో చూసినవా? రీఛార్జ్ పర్ఫార్మెన్స్ అని మూడు గడులు ఉంటయ్. మూడు పచ్చగుంటె మంచిగున్నట్టు, ఎర్రగ ఒకటే ఉన్నదంటె అది ముసల్ది అయిందన్నట్టు. అసలు ఆ బ్యాటరీ కంపెనీదేనా?

కూతగాడు:
ఆ ప్రశ్న ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండు అనుకున్నా. కాదన్నా, ఆన్‌లైన్లో జంట ఆఫర్‌లో కొన్నా. కెమెరాలో వేసినప్పుడల్లా దీని మీద కానన్ లోగో ఉందా అని అడుగుద్ది, ఉంది అని అబద్ధం చెప్పి ఓకే నొక్కుతున్నా.

రీలు కాలం:
హహహ. కెమెరాతో అబద్ధమాడి వోల్టేజ్ మీద చర్చ పెట్టాడు.

బ్యాటరీ డాక్టర్:
నవ్వకండి, అందరం చేసిందే. అయితే అలాంటి బ్యాటరీల్లో శాతం లెక్క కూడా నమ్మలేం, 41 అన్నది నిజంగా 41 ఏనా అని. ఊరికే వాదించుకునే బదులు ఒక పని చెయ్. షట్టర్ 1/1000, మాన్యువల్ ఫోకస్, గోడకేసి పెట్టి మూడు సెకన్లు నొక్కి పట్టు. ఫోటోల ఎక్సిఫ్‌లో (ఫైలుతో పాటే దాగే వివరాల్లో) సెకనులో వందో వంతు దాకా టైము ఉంటది, ఒక పూర్తి సెకనులో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టు. కంపెనీ బ్యాటరీ ఫుల్‌గా ఒకసారి, 40 దగ్గర ఒకసారి, నీ జంట ఆఫర్‌ది ఒకసారి. ఒక్కోసారి ఒక్కటే మార్చు, రెండు కలిపి మార్చావంటే ఏది దోషో తేలదు.

కూతగాడు:
(మూడు రోజుల తర్వాత) చేశాను. ఫ్రెండ్ దగ్గర అసలు ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ తెచ్చి, నిన్న సాయంత్రం స్టేడియంలో ప్రాక్టీసప్పుడే, గోడకేసి. అసలు బ్యాటరీ 93 శాతం, పచ్చ గుర్తు, సెకనుకి 12. అదే బ్యాటరీని వీడియో తీసి తీసి 40 కి దించాను, గుర్తు తెల్లబడింది, 9 పడ్డాయి. నా జంట ఆఫర్‌ది 100 శాతం, అప్పుడే ఛార్జర్ లోంచి తీసింది, పచ్చ గుర్తు ఒక్కసారి కూడా రాలేదు, 9. అంటే ఈ రెండేళ్ళలో ఆ బ్యాటరీతో నేను 12 చూడనే లేదు! ఫస్ట్ హాఫ్ లో కుట్టుమిషన్ లా వినపడింది బాడీతో వచ్చిన అసలుది, హాఫ్ టైమ్ లో జంట ఆఫర్‌ది వేశాను, ఆ సంగతే మర్చిపోయా.

కానీ అసలు కథ ఇంకోటి. యాంటీ ఫ్లికర్ ఆన్ చేసి 93 శాతంతోనే మళ్ళీ కొట్టా. 12 రాలేదు, 10 దగ్గర ఆగింది.

బ్యాటరీ డాక్టర్:
వస్తది మరి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి వంద సార్లు పెరిగి తగ్గుద్ది. కెమెరా ప్రతిసారీ లైటు బాగా వెలిగిన క్షణం కోసం ఆగి కొడుద్ది, ఆ ఆగటమే నీ రెండు ఫ్రేములు.

రీలు కాలం:
అంటే నేను చెప్పిందే. పన్నెండా తొమ్మిదా అని కొట్టుకోవటం కంటే రైడర్ తిరిగే క్షణం పసిగట్టి నొక్కటం ముఖ్యం. మేం సెకనుకి మూడు ఫ్రేములతో స్టంపులు గాల్లో లేచిన ఫోటోలు తీశాం.

కూతగాడు:
తీశారు సార్, ఒప్పుకుంటా. తియ్యలేకపోయినవి ఎన్నో కూడా చెప్పండి. మడమ పట్టుకునేది కన్ను మూసి తెరిచేంతసేపు, 9 కి 12 కి మధ్య ఉన్న ఆ మూడు ఫ్రేముల్లోనే అది ఉండొచ్చు, లేకపోవచ్చు. యాంటీ ఫ్లికర్ ఆఫ్ చేస్తే ఒక ఫ్రేము తెల్లగా ఒక ఫ్రేము పసుపుగా వస్తున్నాయి కాబట్టి అక్కడ దాన్ని ఆన్‌లోనే ఉంచాలి, పగటి పూట బయట గ్రౌండ్లో ఆఫ్.

కరీంనగర్ క్లిక్కు:
మరి 60 దగ్గర మారుస్తవా లేదా అది చెప్పు.

కూతగాడు:
అసలువి రెండు కొంటున్నా అన్నా. నలభై శాతం వాడి పక్కన పెట్టెయ్యాలంటే ప్రాణం ఒప్పుకోవట్లేదు గానీ, మ్యాచ్ లైవ్‌లో 60 కి దిగంగానే మార్చేస్తా. ఆ దిగిపోయినవి, జంట ఆఫర్‌వి దాచిపెట్టి చివర్లో శాలువాలు, మెమెంటోలు, ముఖ్య అతిథి గారి ఉపన్యాసానికి వాడతా. దానికి సెకనుకి ఒక ఫ్రేము కూడా ఎక్కువే.