కొత్త సంవత్సరంలో ఏం మారాలని ఆశపడదాం?

నిజాంపేట వాసి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. డిసెంబరు 31 అర్ధరాత్రి నుంచి నా ఫోనుకు వచ్చిన శుభాకాంక్షల్లో "రాజకీయాలు మారాలి", "సమాజం మారాలి" అనే మాటలు లేనివి చాలా తక్కువ. నిన్నటి అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలోనూ అదే చర్చ నడిచింది. మా వీధి మలుపులో నాలా మీది పలక విరిగి ఆరు నెలలు దాటింది. ఎవరో పుణ్యాత్ములు అక్కడ ఒక కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ పెట్టి, దానికి ఎర్రగుడ్డ కట్టారు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ఒక నంబరు వస్తుంది, కొన్నాళ్లకు "పరిష్కరించబడింది" అని సందేశం వస్తుంది, కుర్చీ మాత్రం అక్కడే ఉంటుంది. ఇటువంటి స్థితిలో ఈ ఏడాది నిజంగా ఆశించదగిన మార్పు ఏమిటి, దాని కోసం మనబోటివాళ్లం చేయగలిగింది ఏమైనా ఉన్నదా అన్నది నా ప్రశ్న.

విశ్రాంత ఉద్యోగి, సైదాబాదు:
సమావేశానికి వచ్చినవారిలో మీ డివిజనులో ఓటున్నవారు ఎంతమందో అడిగారా? అడిగి ఉంటే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికేది. 2020 అక్టోబరులో కురిసిన వానలకు మన హైదరాబాదులో ఎన్ని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో అందరం చూశాం. ఆ తర్వాత ఏడు వారాలైనా తిరగకుండానే, డిసెంబరు 1న, 150 డివిజన్లకు బల్దియా (నగరపాలక సంస్థ) ఎన్నికలు జరిగాయి. 74 లక్షలకు పైగా ఓటర్లలో సగం మంది కూడా పోలింగు కేంద్రానికి రాలేదు. అదే 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు ఉన్నదని విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లను చూస్తే, మనవాళ్లకు ఓటంటే పట్టింపు లేదని ఎవరూ అనలేరు. ఆ పట్టింపంతా ఊళ్లో ఉంది, ఇబ్బంది ఇక్కడ ఉంది. ఓటు లేనివాడి ఇంటి ముందు పలక విరిగితే కార్పొరేటరుకు పోయేదేమీ లేదు. కాబట్టి ఎక్కడ నివసిస్తున్నామో అక్కడే ఓటు ఉండాలన్నది ఈ ఏడాది నా ఆశ. ఇందులో నా స్వార్థం కూడా ఉంది లెండి, మా వీధిలోనూ ఒక నాలా ఉంది.

అద్దె ఇంటి నివాసి, ఎర్రగడ్డ:
పెద్దవారు, మీ మాటను కాదనటం లేదు, కానీ అది సొంత ఇల్లున్నవారికి సులువైన మాట. మాది శ్రీకాకుళం వైపు. పదకొండేళ్లలో ఏడు ఇళ్లు మారాం. ఊళ్లో ఓటు తీసేయించుకుంటే మా అత్తగారి దృష్టిలో ఊరితో తెగతెంపులు చేసుకున్నట్టే. ఇక్కడ రాయించుకుందామంటే ఇంటి యజమాని అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టరు, కరెంటు బిల్లు వారి పేరున ఉంటుంది. అసలు ఇల్లు దొరకటమే ఒక పరీక్ష. టు-లెట్ బోర్డు చూసి తలుపు తడితే ముందు "ఇంటిపేరేమిటమ్మా?" అంటారు, దాంతో సంగతి తేలకపోతే "మాంసం వండుతారా?" అంటారు; ఆ తర్వాత "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చారు" అంటారు. వారం తర్వాత అటుగా వెళితే బోర్డు అలాగే వేలాడుతుంటుంది. ఏ ఎన్నికా ఈ ప్రశ్నను ఆపలేదు. సమాజం మారాలని ఫోనులో సందేశాలు పంపేవారిలో ఇల్లు అద్దెకిచ్చేవారు కూడా ఉంటారు కదా, వారు ఈ ఏడాది ఆ ఒక్క ప్రశ్న అడగకుండా తాళం చెవి ఇస్తే చాలునని నా కోరిక.

బీఎల్‌ఓగా (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారిగా) పనిచేసిన ఉపాధ్యాయురాలు:
ఇద్దరి మాటలూ నిజమే గానీ, ఓటు నమోదు విషయంలో కొంత అపోహ ఉంది. రిజిస్టరైన అద్దె ఒప్పందం ఒక్కటే ఆధారం కాదు. ప్రస్తుత చిరునామా ఉన్న ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం కూడా చెల్లుతాయి. ఏ కాగితమూ లేకపోతే బీఎల్‌ఓ ఇంటికి వచ్చి విచారించి నివేదిక ఇవ్వాలి. కొత్తగా నమోదుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 ఏళ్లు నిండాలన్న ఒక్క గడువే ఉండేది. ఇప్పుడు ఏప్రిల్, జులై, అక్టోబరు 1వ తేదీలనూ లెక్కలోకి తీసుకుంటున్నారు. రెండు చోట్ల ఓటు ఉండటం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టానికి విరుద్ధం, ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని కూడా అదే చట్టం చెబుతోంది. అత్తగారికి ఈ సంగతి చెప్పటం కష్టమే, ఒప్పుకుంటాను.

నేను జాబితా పట్టుకుని తిరిగిన రోజుల్లో ఒక అపార్ట్‌మెంటులో నలభై తలుపులు తడితే తెరుచుకున్నవి తొమ్మిది. మిగతావాటి గురించి వాచ్‌మన్ చెప్పిందే నాకు ఆధారం: "ఖాళీ చేసిండ్రు మేడం", "డ్యూటీకి పోయిండ్రు మేడం". చివరికి అతణ్ణే అడిగాను, నీ ఓటెక్కడ అని. పాలమూరు దగ్గర పల్లెలో ఉందట, ఇక్కడికి వచ్చి పద్నాలుగేళ్లయిందట. సెల్లారులో నీళ్ల మోటారు పక్కన ఒక గదిలో భార్యాబిడ్డలతో ఉంటున్నాడు. ఈ చిరునామా మీద ఓటు రాసుకోవచ్చని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

నిజాంపేట వాసి:
అందరికీ కృతజ్ఞతలు. సైదాబాదువారు చెప్పినట్టు నిన్న సంఘం వాట్సాప్ గుంపులో అడిగాను. ముప్పై రెండు ఇళ్లలో పంతొమ్మిది మంది జవాబిచ్చారు, అందులో ఇక్కడ ఓటున్నవారు ఆరుగురు. ఆ ఆరుగురిలో నేను లేను, నా ఓటు ఇంకా తెనాలిలోనే ఉంది. ఈ ఆదివారం ఫారం 8 నింపుతున్నాను. టీచరుగారిని ఒక సందేహం అడగాలి: మా వాచ్‌మన్‌కు ఆధార్ ఊరి చిరునామాతోనే ఉంది, బీఎల్‌ఓ వచ్చినప్పుడు సంఘం తరఫున మేము రాసిచ్చే ఉత్తరం పనికొస్తుందా?