సిస్టమ్ పొద్దున్నే స్ట్రక్ అయిపోతోంది, విండోస్ రెండుసార్లు వేసినా అదే కథ

మౌస్‌కదలదు:
అందరికీ నమస్కారం. నెల రోజులుగా నా డెస్క్‌టాప్ నన్ను ఏడిపిస్తోంది. పని చేసుకుంటూ ఉంటే ఉన్నట్టుండి స్క్రీన్ అలాగే నిలబడిపోతుంది, మౌస్ బాణం కదలదు, అప్పుడు పాట ఏదైనా వస్తుంటే ఆ క్షణంలో ఉన్న ముక్కే "జ్‌ర్‌ర్‌ర్" అని ఒకటే మోత. బ్లూ స్క్రీన్ రాదు, దానంతట అది రీస్టార్ట్ అవదు, టీవీ ముందు కూర్చున్నట్టు కూర్చుని చూసినా అంతే. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం తప్ప దారి లేదు. మళ్లీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

కొని ఆరేళ్లయింది. ర్యామ్ 8+8 డీడీఆర్4, విండోస్ ఉన్నది 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలో, ఫైళ్లకి 1 టీబీ హార్డ్ డిస్క్, మామూలు గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా). ఓవర్‌క్లాక్ లాంటివేం చేయలేదు. ఎక్కువగా పొద్దున ఆన్ చేసిన అరగంటలోపే అవుతుంది, ఒకటి రెండుసార్లు అయ్యాక ఇక సాయంత్రం దాకా బాగానే ఉంటుంది, గేమ్ ఆడినా ఏం కాదు.

విండోస్ 10 పూర్తిగా ఫార్మాట్ కొట్టి రెండుసార్లు వేశా. డ్రైవర్లన్నీ కొత్తవే. విండోస్ తన లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా కనబడుతోంది. దాని గురించి వెతికితే ఒకరు ఎస్‌ఎంపీఎస్ అంటారు, ఒకరు మదర్‌బోర్డు అంటారు, ఇంకొకరు డ్రైవర్ అంటారు. అన్నీ ఒకేసారి మార్చే స్తోమత లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్.

స్క్రూడ్రైవర్:
ముందు ఆ 41ని పట్టుకుని వేలాడటం మానెయ్ బ్రో. నువ్వు బటన్ నొక్కి ఆపావు కదా, తర్వాత లేచిన విండోస్ "పోయినసారి నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు" అని రాసుకున్న మాట అది, అంతే. కరెంటు పోయినా అదే పడుతుంది. దానికి ముందు నిమిషాల్లో ఏముందో చూడు. డిస్క్ పేరుతో 7 గానీ 153 గానీ, స్టోరేజ్ డ్రైవర్ పేరుతో 129 గానీ ఉంటే డ్రైవ్ వైపు, కేబుల్ వైపు వెళ్లాలి. డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ అని ఉంటే ప్రాసెసరో బోర్డో ఏదో చెప్పబోయిందని అర్థం.

ఇంకోటి, ఈసారి స్ట్రక్ అయినప్పుడు కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కి లైటు చూడు. లైటు ఆరి వెలుగుతుంటే లోపల సిస్టమ్ బతికే ఉంది, డిస్క్ కోసమో గ్రాఫిక్స్ కోసమో ఆగిందన్నమాట. లైటు కూడా కదలకపోతే మొత్తం మెషీనే ఆగిపోయింది, అప్పుడు ర్యామ్, బోర్డు, ప్రాసెసర్, పవర్. నా ఓటు మాత్రం ర్యామ్‌కే. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలెయ్. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరాదు, "ఒకటే కదా" అని సరిపెట్టుకోకు.

రబ్బరురాజా:
ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టు, సెట్ అయిపోద్ది. ఇంత కథ అక్కర్లేదు.

నిద్రమత్తు:
పైన చెప్పిన రబ్బరు వైద్యం అప్పుడప్పుడూ పనిచేసేది రబ్బరు వల్ల కాదు, తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం వల్ల 🙂 గరుకు రబ్బరుతో రుద్దితే ఆ బంగారు పూతే పోతుంది. మెత్తటి గుడ్డకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలు.

నాకు ఇలాగే అయినప్పుడు ఎంత వెతికినా దొరకలేదు, చివరికి చూస్తే క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ పోర్టులో లోపలి పిన్ను ఒకటి వంగి పక్కదానికి తగులుతోంది. కాబట్టి డబ్బులు పెట్టేముందు కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప బయటివన్నీ పీకేసి ఒకట్రెండు రోజులు చూడండి.

మౌస్‌కదలదు:
థాంక్యూ అందరికీ. వారం రోజుల రిపోర్టు ఇదీ.

నమ్ లాక్ లైటు కదల్లేదు. 41కి ముందు లాగ్‌లో ఏమీ లేదు, ఖాళీ. నిద్రమత్తు అక్కా, బయటివన్నీ పీకా, ముందు పోర్టుల వైరు బోర్డు నుంచే తీసేశా, తేడా లేదు. రోజంతా పనిచేసుకున్నాక రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకున్నా, పొద్దున లేచేసరికి నాలుగు పాస్‌లు పూర్తయ్యాయి, ఎర్రర్లు సున్నా. డిస్కుల ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో రెండు డ్రైవ్‌లూ బాగున్నాయనే చూపిస్తోంది, కానీ హార్డ్ డిస్క్‌కి సీ7 అనే దాని దగ్గర 212 అని అంకె ఉంది, అది చూసి భయం వేసింది. దాంతో ర్యామ్ తీసి తుడిచి పెట్టి, అదే ఊపులో సాటా కేబుల్ కూడా మార్చేశా. రెండు రోజులు ఏం కాలేదు, పండగ చేసుకున్నా. మూడో రోజు పొద్దున మళ్లీ మామూలే.

పాతబోర్డు:
మీ మొదటి పోస్టు ఇంకోసారి మీరే చదవండి. పొద్దున అరగంటలోపే ఆగుతుంది, తర్వాత గేమ్ ఆడినా ఏం కాదు అని రాశారు. ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం అదే, ఎవరూ పట్టించుకోలేదు.

వేడి వల్ల వచ్చే గొడవ అయితే తిరగబడి ఉండాలి. ఆన్ చేయగానే బాగుండి, గేమ్ పెట్టిన కాసేపటికి రావాలి. పైగా ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే మెషీన్ ఆరిపోతుంది. మీది చల్లగా ఉన్నప్పుడు మొరాయించి వేడెక్కాక కుదుటపడుతోంది. ఇలా చేసేవి నాకు తెలిసి రెండు. ఒకటి ఎక్కడో పగిలిన టంకం గానీ సరిగా ఆనని కాంటాక్టు గానీ, వేడికి లోహం సాగి అతుక్కుంటుంది. రెండోది ముసలివైపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వాటి లోపలి ద్రవం ఏళ్ల తరబడి ఆరిపోతూ వస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు అది ఇంకా ఎక్కువ. దాంతో కరెంటు నున్నగా రాకుండా ఎగుడుదిగుడుగా వస్తుంది. కాసేపు నడిచి వెచ్చబడ్డాక మళ్లీ సర్దుకుంటాయి. ఆరేళ్ల ఎస్‌ఎంపీఎస్ అన్నారు, నా అనుమానం అక్కడే. బోర్డు మీద కెపాసిటర్లు కూడా కావచ్చు, కానీ ముందు మార్చి చూడటానికి తేలికైనది ఎస్‌ఎంపీఎస్.

మీ మెమ్‌టెస్ట్ సంగతి. రోజంతా నడిచి వెచ్చగా ఉన్న మెషీన్ మీద రాత్రి పెట్టారు. అది ఎటూ బాగుండే వేళే కదా. రాత్రి ఆపేసి, ప్లగ్ తీసి, పొద్దున మొట్టమొదటి పనిగా పెట్టండి. ఇంకో పొద్దున రెండు డ్రైవ్‌ల కేబుళ్లూ పీకేసి ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్క్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) బూట్ చేసి ఏదో ఒకటి చూస్తూ కూర్చోండి. అప్పుడూ ఆగితే విండోస్‌కీ డిస్కులకీ ఒకే దెబ్బకి క్లీన్ చిట్.

సీ7 గురించి భయపడకండి. డ్రైవ్‌కీ బోర్డుకీ మధ్య కేబుల్‌లో డేటా చెడిన సార్లు ఎన్నో అది చెబుతుంది, పాత లెక్క ఎప్పటికీ తగ్గదు. కేబుల్ మార్చాక 212 దగ్గరే ఉందా, పెరుగుతోందా అన్నదే చూడాలి. 05, సీ5 (డిస్క్‌లో చెడిన, చెడినట్టు అనుమానమున్న చోట్ల లెక్కలు) సున్నా ఉంటే డిస్క్ గురించి వదిలేయండి.

ఒక చిన్న కోపం కూడా ఉంది. ర్యామ్, కేబుల్ ఒకేరోజు ముట్టుకున్నారు. అదే గనక బాగైపోయి ఉంటే దేనివల్ల బాగైందో మీకు జన్మలో తెలిసేది కాదు. ఒకసారికి ఒకటే మార్చండి. ఎస్‌ఎంపీఎస్ కొనకండి, ముందు ఎవరిదైనా రెండు వారాలు అడిగి తెచ్చుకోండి.

స్క్రూడ్రైవర్:
పాతబోర్డు గారూ, మల్టీమీటర్ పెట్టి చూస్తే తెలిసిపోదా? 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి కదా.

పాతబోర్డు:
ఆ హద్దులు దాటితే దోషి దొరికినట్టే. దాటకపోతే మాత్రం ఏమీ తేలదు. మీటరు చూపించేది సగటు, 12.05 అని బుద్ధిగా చూపిస్తుంది, దాని మీద ఉండే అలలు చూపించదు. 12 వోల్టుల లైను మీద అల 120 మిల్లీవోల్టులు దాటకూడదని ఏటీఎక్స్ (డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణం) లెక్క, అది చూడాలంటే ఆసిలోస్కోప్ కావాలి. మార్చి చూడటమే నయం. ఇంకొక్క మాట, ఎవరూ ఎస్‌ఎంపీఎస్ మూత విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ఛార్జ్ నిలిచి ఉండొచ్చు, ప్రాణం మీదకొస్తుంది. ఫ్యాన్ జాలీలోంచి టార్చ్ వేసి చూడండి చాలు.

మౌస్‌కదలదు:
దొరికింది!!

పొద్దున్నే పెట్టిన మెమ్‌టెస్ట్ పదిహేడో నిమిషంలో ఆగిపోయింది, ఎర్రర్ లేదు, గడియారం అంకెలు అలాగే నిలబడిపోయాయి. డ్రైవ్‌లు పీకేసి ఉబుంటులో చూస్తే అక్కడా అంతే. అప్పుడు మా బావ సిస్టమ్‌లోంచి ఎస్‌ఎంపీఎస్ బతిమాలి తెచ్చుకున్నా. పది రోజులు, పది పొద్దులు, ఒక్కసారి కూడా ఆగలేదు. నమ్మకం కుదరక మళ్లీ నా పాతది పెట్టా (బావ తిట్టాడు, రోజూ ఇదే పనా అని), మర్నాడు ఇరవై నిమిషాల్లోనే స్ట్రక్. దాన్ని పక్కన పెట్టి జాలీలోంచి టార్చ్ వేస్తే వైర్లు బయటికొచ్చే వైపు నాలుగు చిన్న కెపాసిటర్లు వరసగా ఉన్నాయి. రెండింటి తల చదునుగా ఉంది, రెండింటిది బొటనవేలి గోరులా పైకి ఉబ్బి, ఒకదాని గాటు దగ్గర ఎండిపోయిన జిగురులా గోధుమరంగు మరక. ఇన్నాళ్లూ అక్కడే ఉంది, నేనేమో విండోస్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా.

స్క్రూడ్రైవర్:
ర్యామ్‌కి వేసిన ఓటు వెనక్కి తీసుకుంటున్నా 😅 మెమ్‌టెస్ట్ ఏ టైమ్‌లో పెట్టాలన్నది నేనెప్పుడూ ఆలోచించలేదు.

మౌస్‌కదలదు:
కొత్తది 550 వాట్లది వచ్చింది, ఇందాకే బిగించా. చిన్న డౌట్. పాతదీ ఇదీ రెండూ కేబుళ్లు ఊడదీసే రకమే. పాత కేబుళ్లు నేను నీట్‌గా కట్టలు కట్టి వెనకనుంచి తిప్పి పెట్టుకున్నా, మళ్లీ అదంతా ఎవరు చేస్తారని డ్రైవ్‌లకి వెళ్లేది పాతదే ఉంచి ఇటు కొత్తదానికి గుచ్చా. సరిగ్గా పట్టింది కూడా. పర్లేదు కదా?

పాతబోర్డు:
ఆన్ చేయొద్దు. డ్రైవ్ వైపు ప్లగ్ అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్‌లో ఏ పిన్నులో ఏ వోల్టేజ్ అన్నది ఎవరిష్టం వాళ్లది. పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే మీ ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండూ మాడిపోతాయి. పెట్టెలో వచ్చిన కేబుళ్లు తప్ప ఒక్క వైరు కూడా పాతది ఉండకూడదు.

మౌస్‌కదలదు:
అమ్మో. సైడు మూత బిగించేసి వేలు బటన్ మీద పెట్టి, ఎందుకైనా మంచిదని ఇక్కడ అడిగా. విప్పుతున్నా.