కొత్త అయిదంగుళాల ప్లాస్టిక్ పురుగు: వాడినవాళ్ళు మార్కులు వేయండి

బెండుబాబు:
అందరికీ నమస్కారం. ఈ మధ్య చేపల గాలానికి ఎరగా కొత్తగా వచ్చిన అయిదంగుళాల సాఫ్ట్ ప్లాస్టిక్ పురుగు ఉంది కదా, ఒళ్ళంతా పెన్నులా మొద్దుగా ఉండి చివర గోరంత బిళ్ళ తోక ఉంటుంది, అది ఒక ప్యాకెట్ తెప్పించాను. పేరు రాయను, ఎందుకంటే ముందు ముందు తిట్టాల్సి రావచ్చు. రెండు వారాల్లో నాలుగుసార్లు వెళ్ళాను. 23 లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరున్న వేట చేపలు) పడ్డాయి, అన్నీ వదిలేశాను. పెద్దది నాలుగు పౌన్లు దాటింది. 12 పౌన్ల లాగుడు తట్టుకునే ఫ్లోరోకార్బన్ లైన్ (ఒంటిపోగు గాలం దారం), 4/0 సైజు ఆఫ్‌సెట్ హుక్ (మెడ వంచిన కొక్కెం), బరువేమీ కట్టలేదు. మొన కండలో దాచి టెక్సాస్ రిగ్‌లా గుచ్చి, నాచు అంచున వేశాను. నా మార్కులు 10కి 9. మీవి కూడా చెప్పండి.

రెండో_గాలం:
23 సరే. దేని పక్కన పెడితే 23? ఆ నాలుగు రోజులూ పాత పురుగు వేసి ఉంటే 30 పడేవేమో, మూడే పడేవేమో. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు, కొత్త ల్యూర్ (ఉత్తుత్తి ఎర) కొన్నవాడు పొద్దస్తమానం దాన్నే వేస్తాడు. నీళ్ళలో ఇంకేదీ లేనప్పుడు చేపలన్నీ దానికే పడతాయి మరి.

బెండుబాబు:
నిజమే గురువుగారూ. ఆ నాలుగు రోజులూ రెండో రాడ్ కారులోంచి దిగలేదు.

సీసంగుండు:
నాకు చేపలు పట్టడం కంటే తూకాలు వేయడం ఎక్కువ సరదా అని మా ఇంట్లో అందరూ అంటారు. అందుకే ప్యాకెట్ విప్పగానే ఎనిమిది పురుగుల్నీ తక్కెడలో పెట్టాను. అన్నిటికన్నా తేలికది 9.1 గ్రాములు, బరువైనది 10.4. ఒకే ప్యాకెట్‌లో అంత తేడా ఏమిటా అని లైటుకి అడ్డం పెట్టి చూస్తే తెలిసింది. కొన్నిట్లో, బాగా మునగడానికి కలిపే ఉప్పు రవ్వలు ఒళ్ళంతా సమానంగా పరుచుకుని ఉన్నాయి. కొన్నిట్లో అంతా ఒకవైపే పేరుకుపోయి, ఇటు సగం అద్దంలా కనిపిస్తోంది. కరిగిన ప్లాస్టిసాల్‌ని, అంటే పురుగు పోసే మెత్తటి ప్లాస్టిక్‌ని, అచ్చులో పోసేటప్పుడు కలుపుతూ ఉండకపోతే ఉప్పు అడుక్కి దిగిపోతుంది. ఇది అదే.

తర్వాత మీటరు లోతు నీళ్ళ డ్రమ్ములో హుక్‌తో సహా వదిలి టైము చూశాను. ఉప్పు సమానంగా ఉన్నది అడ్డంగా పడుకునే దిగింది, రెండు కొసలూ సన్నగా వణుకుతూ, నాలుగున్నర సెకన్లకి అడుగు చేరింది. ఒకవైపు పేరుకున్నది తల కిందులుగా గునపంలా దిగబడింది. వణుకు సున్నా. ఈ రకం పురుగులకి ఉన్న గొప్పంతా ఆ వణుకే కదా. ఎనిమిదిట్లో అయిదు బాగున్నాయి, మూడు గునపాలు. ఆ అయిదింటికి 8, ప్యాకెట్ మొత్తానికి 5.

పొద్దున్నే_గట్టుమీద:
నాకైతే ఒక్కటి గూడ పడలే. మూడు పొద్దులు పోయిన. ఏం లాభం లేదు. నేనేస్త రెండు మార్కులు, అవి గూడ ప్యాకెట్ జిప్పు మంచిగుందని.

నాచులో_నడక:
అన్నా, నీళ్ళెంత చల్లగా ఉన్నాయి? విసిరాక ఏం చేస్తున్నారు?

పొద్దున్నే_గట్టుమీద:
11 డిగ్రీలున్నది. విసురుడు, చుట్టుడు. తోక ఆడాలె కదా అక్కా, అందుకే జర జల్దిగనే చుట్టిన.

నాచులో_నడక:
అక్కడే పొరపాటు జరిగింది. ఆ తోకని చూసి చుట్టాలనిపిస్తుంది, నేనూ మొదట అలాగే చేశాను. చల్లటి నీళ్ళలో బాస్ ఒళ్ళు బద్ధకంగా ఉంటుంది, వెంటపడి తినదు. విసరండి, లైన్ కాస్త వదులుగా వదిలేయండి, చెయ్యి కదపకండి. పురుగు దిగుతున్నప్పుడే సగానికి పైగా కొరుకుళ్ళు వస్తాయి. అడుగు చేరాక పది లెక్కపెట్టి, రాడ్ కొన కొంచెం ఎత్తి మళ్ళీ వదలండి. చూపు మాత్రం లైన్ మీదే ఉండాలి. బాస్ కొరకదు, నోరు తెరిచి నీళ్ళతో సహా పురుగుని లోపలికి పీల్చేస్తుంది. చేతికి ఏమీ తెలియకముందే నీటిని తాకేచోట లైన్ టక్కున ఎగురుతుంది, లేదా పక్కకి జరగడం మొదలుపెడుతుంది. నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది.

ఇంకొక మాట. లైన్ ఏమిటి? బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం) అయితే అది నీటి మీద తేలుతుంది, పురుగుని పైకి పట్టి ఉంచుతుంది. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది. ఒకే పురుగు రెండు లైన్లకి రెండు రకాలుగా దిగుతుంది. మార్కులు వేసేవాళ్ళు ఆ సంగతి కూడా రాస్తే బాగుంటుంది.

పొద్దున్నే_గట్టుమీద:
ఉత్త బ్రెయిడే అక్కా. ఇగ మార్కులు వాపస్ తీసుకుంటున్న, ఇంకోసారి పోయొచ్చి చెప్త.

చిక్కుముడి:
నేను కొత్త, తప్పుగా అనుకోకండి. ఈ పురుగుల్ని, బాగా సాగే ఆ రబ్బరు లాంటి పురుగుల్ని ఒకే పెట్టెలో సర్ది కారు డిక్కీలో పెట్టాను. వారం తర్వాత తీస్తే నాలుగు పురుగులు కలిసి ఒక్క ముద్ద అయ్యాయి. వేలు పెడితే జిగురులా సాగింది, పెట్టె అడుగు కూడా మెత్తబడింది. ఇది నకిలీ సరుకా?

సీసంగుండు:
నకిలీ కాదు బాబూ, రెండు జాతుల్ని ఒక గదిలో పెట్టావు. ఈ కొత్త పురుగు మామూలు ప్లాస్టిసాల్, అంటే పీవీసీలో మెత్తదనం కోసం నూనె లాంటి ద్రవం కలిపి వేడి చేసి పోసింది. ఆ సాగేవి టీపీఈ (థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్) అనే వేరే ప్లాస్టిక్ రకం. రెండూ తగిలితే ఒకదాని నూనె ఇంకోదాన్ని కరిగిస్తుంది. కొన్ని రకాల పెట్టెల ప్లాస్టిక్‌కీ అదే గతి. ఏ పురుగు ప్యాకెట్‌లో దాన్నే ఉంచు, అదే పద్ధతి. ప్యాకెట్‌లో వంగి ఉంటే అలాగే వంగి ఆరిపోతుంది, నిటారుగా పెట్టు. వంగిపోయింది గిరగిరా తిరుగుతుంది తప్ప వణకదు.

నాచులో_నడక:
ఇక నా లెక్క. నేను వాకీగా వాడాను, అంటే నడుముకి రబ్బరు రింగు తొడిగి ఆ రింగు కిందుగా హుక్ గుచ్చడం. రింగు లేకుండా నేరుగా గుచ్చితే ఒక చేపకే నడుము తెగిపోతోంది. రింగుతో సగటున మూడు చేపలు వచ్చాయి. ఉప్పు ఎక్కువైతే బాగా దిగుతుంది, కానీ త్వరగా చిరుగుతుంది, రెండూ కావాలంటే కుదరదు. దానికి నేను మార్కులు తగ్గించను. తోకకి మాత్రం తగ్గిస్తాను. బ్లూగిల్ అనే చిన్న చేపల పిల్లలు వదలడం లేదు. టక్ టక్ టక్ మని మూడుసార్లు తగులుతుంది, పైకి తీస్తే తోక గాయబ్. పురుగు ఒళ్ళు పెన్నంత మందం, మెడ దగ్గర సేమియా అంత సన్నం అన్నట్టుంది, అక్కడే తెగుతుంది. 10కి 6.

ఇది మార్కుల సంగతి కాదు గానీ, బరువు లేని పురుగు మెల్లగా దిగుతుంది కాబట్టి ఆలస్యంగా లాగితే చేప గొంతులోకి మింగేస్తుంది. లైన్ కదిలిన వెంటనే లాగండి. లోతుగా మింగితే, హుక్ సులువుగా కనబడి వచ్చేట్టు ఉంటే తప్ప పీకకండి, లైన్ దగ్గరగా కత్తిరించి వదిలేయండి. తెగిన తోకలు, చిరిగిన ముక్కలు నీళ్ళలో పారేయకండి. చేపలు మింగుతాయి, కడుపులో కరగవు. నా సంచిలో ఒక ఖాళీ డబ్బా అందుకే ఉంటుంది.

చిక్కుముడి:
రంగు ఏది తీసుకోవాలి? నలుపు-నీలం కలిపినదా, గ్రీన్ పంప్‌కిన్ అనే ముదురు పచ్చా?

రెండో_గాలం:
నీళ్ళు తేటగా ఉంటే పచ్చ, మురికిగా ఉంటే నలుపు. అంతకు మించి ఆలోచించి జేబు ఖాళీ చేసుకోకు. బాస్ కంటికి ఎరుపు, పచ్చ బాగా తెలుస్తాయి, నీలం నలుపులో కలిసిపోతుంది. ఆ నీలం మెరుపులు నీకోసం వేసినవి.

మెత్తటి ప్లాస్టిక్ పురుగు 1949లో ఓహయోలోని యాక్రన్‌లో నిక్ క్రీమ్ ఇంట్లో తయారైంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఎన్ని తోకలు తగిలించారో లెక్క లేదు. అందుకే బెండుబాబు గారికి ఒక పని చెప్తాను. రెండు రాడ్లు ఒకేలా కట్టండి, అదే లైన్, అదే హుక్. ఒకదానికి కొత్తది, ఇంకోదానికి తోకలేని పాత పుల్ల పురుగు, అదే రంగులో. ప్రతి చోటా బొమ్మా బొరుసా వేసి ఏది ముందో తేల్చుకోండి. పది విసుర్లు అది, పది ఇది. నాణెం ఎందుకంటారా? నీళ్ళలో చేప దాగేలాంటి మంచి చెట్టు మొద్దు కనబడగానే మన చెయ్యి మనకి ఇష్టమైన రాడ్ మీదకే పోతుంది. మనం పోలేదనే అనుకుంటాం, పోతుంది. మొదటి విసురుకి చేప ఉలిక్కిపడితే రెండో దానికి న్యాయం జరగదు, అది కూడా నాణెం సరిచేస్తుంది.

బెండుబాబు:
మూడు వారాలు కనబడనందుకు క్షమించండి. గురువుగారు చెప్పినట్టే చేశాను. మూడు సార్లు, 12 చోట్లు, ఒక్కోదానికి 120 విసుర్లు. నీళ్ళు 17 నుంచి 19 డిగ్రీలు, గుడ్లు పెట్టే కాలం కాబట్టి గూళ్ళ మీద ఉన్నవాటి జోలికి పోలేదు.

కొత్తదానికి 11 చేపలు. పాతదానికి 10.

రాసుకున్న కాగితంలో లెక్క రెండుసార్లు కూడి చూశాను. ఒక్క చేప తేడా. ఆ ఒక్కటి కూడా లైన్ కొమ్మకి చిక్కుకుంటే విడిపిస్తుండగా పడింది, నా గొప్పా కాదు, పురుగు గొప్పా కాదు. టక్ టక్ బ్లూగిల్ తగులుళ్ళు వేరే గీతలో రాశాను. కొత్తదానికి 31, పాతదానికి 8. మొదటి రెండు వారాల్లో "అబ్బ ఎన్ని కొరుకుళ్ళో" అని మురిసిపోయింది వీటిని చూసే అని ఇప్పుడు అర్థమైంది.

అసలు విషయం ఇంకోటి. పురుగులు పొదుపుగా వాడదామని తోక తెగినా పారేయకుండా అలాగే వేశాను. కొత్తదానికి పడిన 11లో ఆరు, తోక తెగిపోయాక పడినవే.

రెండో_గాలం:
తోక లేని కొత్త పురుగంటే పాత పురుగే కదా బాబూ.

సీసంగుండు:
మొండెం ఎలా దిగిందో చూశారా? మెడ దగ్గర గాలి బుడగ పట్టి ఉంటే ఆ కొస పైకి లేస్తుంది.

బెండుబాబు:
చూశాను అన్నా, బుడగ ఏమీ లేదు. తోక ఉన్నప్పుడు వెనక కొస ఆగి ఆగి దిగేది, తెగాక రెండు కొసలూ వణికాయి. తోకే వణుకుని తినేస్తోందని నా అనుమానం. మార్కులు 9 నుంచి 6కి దించుతున్నాను. ఉప్పు సమానంగా ఉన్నది దొరికితే 7.

పొద్దున్నే_గట్టుమీద:
నేను గూడ పోయొచ్చిన. అక్క చెప్పినట్టు ఫ్లోరోకార్బన్ ముక్క ముడేసి, చెయ్యి కదపకుండ కూసున్న. రెండు పడ్డయి! రెండోదానికి లైన్ పక్కకు జరుగుతుంటే నాచనుకున్న, రాడ్ గుంజుకపోయేదాక సోయి లేదు. నాయి అయిదు మార్కులు రాసుకోండ్రి.

నాచులో_నడక:
శభాష్ అన్నా. బెండుబాబు గారూ, మరి తోక ఉన్నదాన్నీ, కత్తెరతో ముందే కోసేసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారా? ఒకే ప్యాకెట్, ఒకే ఉప్పు. అప్పుడు తోక సంగతి తేలిపోతుంది.

బెండుబాబు:
ఆదివారం అదే పని. సీసంగుండు అన్న లాగా ముందు లైటుకి పట్టి చూసి గునపాలు పక్కన పెట్టేశాను, ఆరు మంచివి మిగిలాయి, మూడిటికి తోకలు కోశాను. ఒక్కటే ఇబ్బంది. కిందటిసారి పదకొండో చోట బొమ్మా బొరుసా వేస్తే నాణెం చేతిలోంచి జారి నీళ్ళలో పడింది, అది మాత్రం గునపంలా దిగింది. ఈసారి సీసా మూత పట్టుకెళ్తున్నాను, పడ్డా తేలుతుంది.