శాశ్వత సైన్యం లేకుండా, బయటి అండ లేకుండా నిలిచిన దేశం ఉందా?

దేశానికి శాశ్వత సైన్యం తప్పనిసరా అన్న అంశంపై వ్యాసం రాస్తూ మూడు వారాలుగా మధ్య అమెరికా దేశమైన కోస్టారికా దగ్గరే ఆగిపోయాను. అంతర్యుద్ధం ముగిశాక, 1948 డిసెంబరు 1న, అందులో గెలిచిన పక్షం నాయకుడు హోసే ఫిగేరెస్ రాజధాని శాన్ హోసేలోని బెయావిస్తా సైనిక స్థావరం గోడను సమ్మెటతో కొట్టి సైన్యాన్ని రద్దు చేశారు. ఆ భవనమే నేటి జాతీయ మ్యూజియం. ఆ దృశ్యాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1949 రాజ్యాంగంలోని 12వ అధికరణం శాశ్వత సైన్యాన్ని నిషేధించినా, దేశ రక్షణ కోసం గాని, ఖండంలోని దేశాల ఒప్పందం మేరకు గాని సేనను సమీకరించుకునే వీలు ఉంచింది.

చిక్కంతా 1955 జనవరి దగ్గరే వస్తోంది. నికరాగువా వైపు నుంచి సాయుధ దళాలు చొరబడినప్పుడు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన పౌరులు ఆయుధాలు పట్టిన మాట నిజమే గాని, అమెరికా ఖండ దేశాల సంస్థ జోక్యం చేసుకుంది, అమెరికా ఒక్కొక్కటి ఒక్క డాలరుకే నాలుగు మస్టాంగ్ యుద్ధవిమానాలు అమ్మింది. కాబట్టి ఇది సొంత బలంతో నిలిచిన ఉదాహరణ అని రాయలేకపోతున్నాను. ఐస్‌లాండ్‌ను పరిశీలించాను, అది 1949 నుంచీ నాటో సభ్యదేశం. పనామా 1989 నాటి అమెరికా దాడి తర్వాతే సైన్యాన్ని వదులుకుంది.

శాశ్వత సైన్యం గాని, రక్షణ ఒప్పందం గాని లేకుండా, 1945 తర్వాత బయటి దాడిని తిప్పికొట్టిన దేశం ఏదైనా మీకు తెలుసా?