వ్యూఫైండర్ ఉన్న చిన్న కెమెరా: దానికోసం ఏమేం వదులుకోవాలి?

సోడాబుడ్డి_కళ్ళద్దాలు:

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఇదే పని అండి, రివ్యూలు చదవడం, ఒకటి ఖాయం చేసుకోవడం, తెల్లారేసరికి మళ్ళీ మొదటికి రావడం. ఇప్పుడు నా దగ్గర ఒక అంగుళం సెన్సర్ (వెలుతురుని ఫోటోగా మార్చే చిప్) ఉన్న కాంపాక్ట్, అంటే చిన్న కెమెరా ఉంది, ఫోటోలు బానే వస్తాయి కానీ ఎండలో వెనక స్క్రీన్ మీద నా మొహం తప్ప ఇంకేం కనబడదు, అరచెయ్యి గొడుగులా అడ్డం పెట్టుకుని అంచనాగా నొక్కేస్తున్నా, తీరా చూస్తే సగం ఫోటోల్లో తలలు తెగిపోయి ఉంటున్నాయి. అందుకే ఈసారి వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ, ఉన్నదే కొనాలని ఫిక్సయ్యా. జేబులో పట్టాలి, జూమ్ కొద్దిగానైనా ఉండాలి, రాత్రిపూట కూడా పనికి రావాలి. లిస్టులో సోనీ ఆర్ఎక్స్100 మూడో మోడల్, ఏడో మోడల్, కానన్ జీ5ఎక్స్ మార్క్ 2, పానాసోనిక్ ఎల్ఎక్స్100 మార్క్ 2 ఉన్నాయి. ఫ్యూజీ ఎక్స్100 అంటే ప్రాణమే గానీ దానికి జూమ్ లేదు. పైగా నాకు కళ్ళద్దాలు. స్పెక్స్ అన్నీ చదివేశా, వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్, వ్యూఫైండర్ కోసం ఏం పోగొట్టుకుంటాం?

పాత_షట్టర్:

చాలా పోగొట్టుకుంటాం తమ్ముడూ, ఒళ్ళు చిన్నది కదా, ఒకటి దూరిస్తే ఇంకోటి బయటికి పోవాల్సిందే. ఆర్ఎక్స్100 చరిత్రే చూడు, 2013లో వచ్చిన రెండో మోడల్‌కి నెత్తిన హాట్ షూ (ఫ్లాష్ లాంటివి తగిలించే గాడి) ఉండేది, 2014లో మూడో మోడల్‌లో పాపప్ వ్యూఫైండర్ (మీట నొక్కితే పైకి లేచేది) పెట్టారు, హాట్ షూ ఎగిరిపోయింది. కానన్ వాళ్ళదీ అదే కథ, 2015 నాటి మొదటి జీ5ఎక్స్‌కి మధ్యలో మూపురంలా వ్యూఫైండర్, దాని మీద హాట్ షూ రెండూ ఉండేవి, 2019లో మార్క్ 2 వచ్చేసరికి వ్యూఫైండర్ మూలకి పోయి పాపప్ అయింది, షూ మాయం. ఎల్ఎక్స్100 లో వ్యూఫైండరూ షూ రెండూ ఉన్నాయి కానీ లోపల ఫ్లాష్ లేదు, చిన్నది విడిగా తగిలించుకోవాలి, స్క్రీన్ కూడా వంగదు, పైగా దాదాపు 390 గ్రాములు, ఆర్ఎక్స్100 మూడోది 290. వంద గ్రాములే కదా అనుకోకు, అది ప్యాంటు జేబుకీ భుజాన సంచీకీ ఉన్న తేడా.

ఇక మూడోదా ఏడోదా అంటావా, లెన్స్ చూసి తేల్చుకో. మూడోది 24-70 ఎంఎం (రెండో అంకె ఎంత పెద్దదైతే అంత జూమ్), ఎఫ్ 1.8 నుంచి 2.8 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ). ఏడోది 24-200, కానీ మొదలయ్యేదే 2.8 దగ్గర, చివరికి 4.5. అంటే వైడ్ చివర (జూమ్ చెయ్యనప్పుడు) మూడోదానికి దాదాపు రెండున్నర రెట్లు వెలుతురు ఎక్కువ అందుతుంది. రాత్రి అన్నావుగా, నేనైతే జూమ్ వదిలేస్తా. మూడోదానిలో ఎన్‌డీ ఫిల్టర్ (ఎండలో వెలుతురు తగ్గించే నల్లద్దం) కూడా లోపలే ఉంది, ఏడోదానిలో తీసేశారు.

ఫోనేచాలు:

వ్యూఫైండర్ ఉన్న కాంపాక్ట్ రెండేళ్ళు వాడా, లెక్కపెడితే దాని లోంచి చూసింది ఓ ఇరవై సార్లు ఉంటుందేమో. మీట నొక్కాలి, అది పైకి లేవాలి, వేలితో వెనక్కి లాగాలి, ఈలోపు పిల్లి గోడ దిగి వెళ్ళిపోయింది. స్క్రీన్ బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టుకో బాసూ, డబ్బు మిగుల్తుంది.

పాత_షట్టర్:

@ఫోనేచాలు అది నువ్వు వాడిన డిజైన్ తిప్పలు గానీ వ్యూఫైండర్ తప్పు కాదు. ఆర్ఎక్స్100 ఆరో మోడల్ నుంచి వెనక్కి లాగే పని లేదు, ఒక్కసారి నొక్కితే చాలు. అయినా నీ మాటలో కొంత నిజముంది, ఎప్పుడూ తెరిచి ఉండే కిటికీకి, గొళ్ళెం తీస్తే గానీ తెరుచుకోని కిటికీకి తేడా ఉంటుంది. ఎల్ఎక్స్100 లాంటివాటిలో కన్ను ఆనిస్తే చాలు సెన్సర్ పసిగట్టి అదే ఆన్ అవుతుంది, అందుకే చెయ్యి దానంతటదే కంటి దగ్గరికి పోతుంది.

ఎడమ_కన్ను:

కళ్ళద్దాల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి, అసలు సమస్య అక్కడే కదండీ. నాకూ కళ్ళద్దాలే. ఈ బుల్లి వ్యూఫైండర్లకి కన్ను బాగా దగ్గరగా పెట్టాలి, అద్దం అడ్డొచ్చి మూలలు కనబడవు, మధ్యలో ఉన్నది చూసి మిగతాది ఊహించుకోవడమే. డయాప్టర్ మీట (వ్యూఫైండర్‌ని మన సైట్‌కి తగ్గట్టు సరిచేసేది) ఉంటుంది, సైట్ మరీ ఎక్కువ కాకపోతే దాంతో సరిచేసుకుని కళ్ళద్దాలు తీసేసి చూడొచ్చు, కానీ ప్రతిసారీ తీసి చొక్కాకి తగిలించడం, మళ్ళీ పెట్టుకోవడం, నాకైతే వారం కూడా సాగలేదు. నేను వాడిన దానిలో (పేరు ఎందుకులెండి) వ్యూఫైండర్ మూసినప్పుడల్లా ఆ మీట కొంచెం జరిగిపోయేది, మసగ్గా కనబడుతుంటే లెన్స్ పాడైందేమోనని ఓ సాయంత్రం మొత్తం కంగారు పడ్డా.

వ్యూఫైండర్ ఎంత స్పష్టమో చెప్పే డాట్ల లెక్క చూసి కూడా మోసపోకండి. 23.6 లక్షల డాట్లు అంటే నిజానికి 1024×768 పిక్సెళ్ళే, ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు ఆకుపచ్చ నీలం మూడు డాట్లు లెక్కేస్తారు. ఆర్ఎక్స్100 మూడోదాని 14.4 లక్షలు అంటే 800×600. ఎల్ఎక్స్100 లో 27.6 లక్షలు అని రాస్తారు గానీ అది మూడు రంగుల్నీ ఒకదాని వెనక ఒకటి చకచకా చూపించే రకం, కన్ను అటూ ఇటూ తిప్పితే అంచుల్లో ఇంద్రధనుస్సు చారలు మెరుస్తాయి, కొందరికి అసలు కనబడవు, నాకు మాత్రం తలనొప్పి వచ్చేది.

ఇంకోటి, మీది ఏ కన్ను? నాలాగా ఎడమ కన్ను పెట్టి చూసేవాళ్ళకి ఎడమ మూలన ఉన్న వ్యూఫైండర్‌తో ముక్కు వెళ్ళి టచ్ స్క్రీన్ మీద వాలుతుంది, ఫోకస్ పాయింట్ ముక్కు వెంటే తిరుగుతుంది 😄 నేను మొహం మీద పెట్టిన ఫోకస్ వెనక చెట్టు మీదకి ఎందుకు పోతోందో కనుక్కోడానికి నాకు నెల పట్టింది. మెనూలో టచ్ ఆపేస్తే తగ్గింది.

పాత_షట్టర్:

ముక్కు ఫోకస్ 😂 ఇది ఏ రివ్యూలోనూ రాయరు.

ఎక్స్100 గురించి కూడా ఒక మాట. దానికి ఆప్టికల్ (ఉత్త అద్దాల్లోంచి నేరుగా చూసేది), ఎలక్ట్రానిక్ (లోపల బుల్లి స్క్రీన్ ఉండేది) వ్యూఫైండర్లు రెండూ ఉన్నాయి, ముందున్న మీటతో మారిపోతాయి, ఆప్టికల్‌లో బ్యాటరీ కూడా ఎక్కువ వస్తుంది, ఎక్స్100వీ కైతే ఆప్టికల్‌లో 420, ఎలక్ట్రానిక్‌లో 350 ఫోటోలని కంపెనీ లెక్క. కాకపోతే దగ్గరి వస్తువుల్ని ఆప్టికల్‌లో చూస్తే నీకు కనబడేదీ లెన్స్‌కి కనబడేదీ ఒకటి కాదు. పాత కానన్ జీ సిరీస్ ఆప్టికల్ జోలికి మాత్రం పోకు, జీ16 దాకా ఉండేది, ఫ్రేమ్‌లో ఓ 80 శాతమే కనబడుతుంది, వైడ్‌లో లెన్స్ గొట్టం కింద మూలలో తల దూరుస్తుంది. నీ తెగిన తలల సమస్యకి మందే గానీ, ఈసారి అక్కర్లేని బుజాలు కూడా వచ్చేస్తాయి.

సోడాబుడ్డి_కళ్ళద్దాలు:

అందరికీ థాంక్సండి. ఎడమ_కన్ను గారి మాట చదివి ఇప్పుడే బొటనవేలు చాపి దూరంగా ఉన్న స్విచ్ మీద పెట్టి ఒక్కో కన్నూ మూసి చూశా, కుడి కన్ను మూస్తే వేలు కదల్లేదు, ఎడమది మూస్తే జరిగిపోయింది. అంటే నాదీ ఎడమ కన్నే! ఇన్నాళ్ళూ తెలీదు. ఇప్పుడు మూలన ఉన్నవన్నీ డౌటే అయిపోయాయి. మధ్యలో వ్యూఫైండర్ ఉన్నవి మొదటి జీ5ఎక్స్ కాకుండా ఇంకేం ఉన్నాయి?

ఎడమ_కన్ను:

కానన్ జీ1ఎక్స్ మార్క్ 3 చూడండి, 2017ది, వ్యూఫైండర్ మధ్యలోనే, ఏపీఎస్-సీ సెన్సర్ (అంగుళం దానికంటే బాగా పెద్దది), దాదాపు 400 గ్రాములు. లెన్స్ మాత్రం 24-72, ఎఫ్ 2.8 నుంచి 5.6, జూమ్ చేస్తే చీకటి. ఎక్కడైనా దొరికితే కళ్ళద్దాలతోనే ఓ ఐదు నిమిషాలు కన్ను ఆనించి చూడండి, టచ్ ఆన్‌లో ఉంచి మరీ.